తీగ శిల్పకళలో సముద్ర జీవులు

లోహపు తీగను వంచి, మెలిపెట్టి, అల్లి, దానికి కాగితం, గుడ్డ, పూసలు, గాజుపెంకులు, వల ముక్కలు వంటివి జోడించి చేప, తాబేలు, జెల్లీఫిష్, ఆక్టోపస్, సముద్రపు గుర్రం మొదలైన కడలి ప్రాణుల రూపాలు కట్టే శిల్పవిధానం ఇది. రాతి శిల్పానికి, మట్టి శిల్పానికి బరువూ నిండుదనమూ ప్రాణం. తీగ శిల్పానికి గీత ప్రాణం. కాగితం మీద పెన్సిలు గీసే గీతే ఇక్కడ గాలిలో నిలుస్తుంది, చుట్టూ తిరిగి చూసేవారికి అడుగడుగునా కొత్త ఆకారం చూపుతుంది. 19వ శతాబ్దపు మ్యూజియం నమూనాలు, 20వ శతాబ్దపు ఆధునిక శిల్పం, 21వ శతాబ్దపు పర్యావరణ కళ ఈ విధానానికి మూడు పెద్ద మజిలీలు. బడిపిల్లల చేతిపని నుంచి ప్రపంచ ప్రదర్శనశాలల దాకా ఇవాళ ఇది విస్తరించి ఉంది. ఏ స్థాయిలోనైనా దీనికి పెట్టుబడి ఒక్కటే: ప్రాణి ఒంటి కట్టును ఓపికగా చూడటం.

సముద్ర జీవులకు తీగ ఎందుకు నప్పింది

నేల మీది జంతువు తన బరువును తానే మోసుకోవాలి. సముద్రంలో నీరే ఒంటిని మోస్తుంది. అందుకే అక్కడి ప్రాణులకు గొడుగులు, కుచ్చిళ్ళు, రిబ్బన్లు, పొడవాటి దారాలు వంటి శరీరాలు సాధ్యమయ్యాయి. జెల్లీఫిష్ ఒంట్లో దాదాపు 95 శాతం నీరే. దానికి ఎముక లేదు, గుండె లేదు, మెదడు లేదు. ఇలాంటి ప్రాణిని రాతిలో చెక్కితే బరువెక్కుతుంది. మట్టితో చేస్తే సన్నని పోగులు నిలవవు. తీగ మాత్రం లోపలి ఖాళీని అలాగే ఉంచి అంచును పట్టిస్తుంది. వెనక ఉన్నది ముందు నుంచి కనబడుతుంది. పైనుంచి వేలాడదీస్తే కిటికీ గాలికే కదులుతుంది. పారదర్శకత, తేలిక, కదలిక అనే మూడు గుణాలూ సముద్ర జీవులకు సహజం, తీగకూ సహజం.

చరిత్ర

*తీగపనికి పూర్వరంగం.* బంగారాన్ని, వెండిని కమ్మచ్చు రంధ్రాల గుండా లాగి సన్నని తీగ తీయడం కంసాలి వృత్తిలో ఎప్పటి నుంచో ఉన్న పని. ఇనుప తీగ విరివిగా దొరికాక అది బీదవారి చేతికీ వచ్చింది. 18వ శతాబ్దం నుంచి స్లొవాకియా పల్లెల్లోని సంచార వృత్తికారులు పగిలిన మట్టికుండలకు తీగతో వల అల్లి బాగుచేసేవారు. ఆ పనే తరువాత బుట్టలుగా, బొమ్మలుగా, శిల్పంగా ఎదిగింది. 'ద్రోతార్‌స్త్వో' అని పిలిచే ఈ కళను యునెస్కో 2019లో మానవాళి అవ్యక్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. దక్షిణాఫ్రికాలో జూలూ కళాకారులు రంగురంగుల టెలిఫోను తీగతో బుట్టలు అల్లారు. జింబాబ్వే, దక్షిణాఫ్రికా నగరాల వీధుల్లో తీగా పూసలూ కలిపి జంతువుల బొమ్మలు చేసి అమ్మడం నేటికీ ఎందరికో జీవనోపాధి.

*గాజు సముద్రం.* మృదుశరీర జీవులను సారాయంలో భద్రపరిస్తే రంగు పోయి, ఒళ్ళు ముడుచుకుపోతుంది. 19వ శతాబ్దపు మ్యూజియాలకు ఇది పెద్ద చిక్కు. దాన్ని తీర్చినవారు బొహీమియా గాజు కళాకారుల వంశానికి చెందిన లియోపోల్డ్ బ్లాష్కా (1822–1895), ఆయన కుమారుడు రుడాల్ఫ్ (1857–1939). 1853లో లియోపోల్డ్ అమెరికా వెళ్తుండగా గాలి పడిపోయి ఓడ రెండు వారాలు నడిసముద్రంలో ఆగిపోయింది. ఆ రాత్రుల్లో ఆయన నీటిలో వెలుగుతున్న జెల్లీఫిష్‌లను గమనించి బొమ్మలు గీసుకున్నాడు. పదేళ్ళ తరువాత, 1863లో, డ్రెస్డెన్ మ్యూజియం కోసం గాజుతో సముద్ర ఆనిమోన్‌లు చేశాడు. 1890 దాకా తండ్రీకొడుకులు సముద్ర జీవుల నమూనాలు చేసి ప్రపంచంలోని మ్యూజియాలకు, విశ్వవిద్యాలయాలకు అమ్మారు. 1885లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం 570 నమూనాలు కొన్నది. వీటిని గాజు బొమ్మలని అంటున్నా నిజానికి ఇవి మిశ్రమ పదార్థాల శిల్పాలు. సన్నని భాగాలను కలపడానికి తీగ, పైపూతకు రంగు, జిగురు, మైనం, కొన్నిచోట్ల కాగితం కూడా వాడారు. ఏ అవయవానికి ఏ పదార్థం సరిపోతుందో చూసి ఎంచుకోవడం అనే సూత్రానికి బ్లాష్కాల పని తొలి గొప్ప ఉదాహరణ.

పెద్ద పరిమాణంలోనూ తీగ ఉపయోగపడింది. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో 1938లో పూర్తయిన నీలి తిమింగలం నమూనా కర్ర చట్రం మీద తీగ జాలీ పరిచి, ప్లాస్టర్ పూసి చేసినదే.

*కాల్డర్ గీత.* తీగను చాటున ఉండే ఆధారంగా కాక శిల్పంగానే నిలబెట్టిన కళాకారుడు అమెరికాకు చెందిన అలెగ్జాండర్ కాల్డర్ (1898–1976). తాత, తండ్రి శిల్పులు. ఆయన మాత్రం 1919లో మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్నాడు. 1926 నుంచి పారిస్‌లో తీగతో మనుషులను, జంతువులను, ఒక చిన్న సర్కస్‌ను మొత్తంగా తయారుచేశాడు. కదిలే శిల్పాలకు 'మొబైల్' అన్న పేరు 1931లో కళాకారుడు మార్సెల్ దుషాం పెట్టాడు. న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ మెట్ల మీద వేలాడదీయడానికి 1939లో కాల్డర్ చేసిన 'లాబ్‌స్టర్ ట్రాప్ అండ్ ఫిష్ టెయిల్' ఈ రంగంలో మేటి కృతి. పైన రాతిరొయ్యను తలపించే రూపం, ఒక పక్క తీగ బోను, మరో పక్క చేపలగుంపులా కదిలే నల్లని అల్యూమినియం రేకులు అందులో ఉంటాయి. 1940లలో ఆయన చేపల వరుస ఒకటి చేశాడు. చేప అంచును లావు తీగతో వంచి, లోపల సన్న తీగను వలలా అల్లి, ఒక్కో గడిలో రంగుగాజు ముక్కనో పింగాణీ పెంకునో వేలాడదీశాడు. వెలుగు పడితే పొలుసులు మెరిసినట్టే ఉంటుంది. 1955లో వాస్తుశిల్పి గీరా సారాభాయ్ ఆహ్వానం మీద అహ్మదాబాద్ వచ్చి అక్కడ కూడా శిల్పాలు చేశాడు.

*అల్లిక మార్గం.* కాలిఫోర్నియాలో జపనీయ రైతు కుటుంబంలో పుట్టిన రూత్ అసావా (1926–2013) 1947లో మెక్సికోలోని టొలూకాలో కోడిగుడ్లు పెట్టుకునే తీగబుట్టలు అల్లే తీరు నేర్చుకుంది. ఒకే తీగను ఉచ్చులు ఉచ్చులుగా అల్లుతూ, ఒక రూపం లోపల మరో రూపం కనబడేలా వేలాడే శిల్పాలు చేసింది. ఆమె ఏదో ఒక ప్రాణిని అనుకరించలేదు. అయినా జెల్లీఫిష్ గొడుగును తీగతో అల్లాలనుకునేవారికి ఆ ఉచ్చుల అల్లికే నేటికీ అనువైన పాఠం.

తీగను అల్లకుండా దీపానికి గూడుగా వాడిన దారి కూడా ఉంది. వాస్తుశిల్పి ఫ్రాంక్ గెహ్రీ 1980లలో చేప దీపాలు చేశాడు. ఒక ప్లాస్టిక్ పలక పొరపాటున పగిలినప్పుడు ఆ పెంకులు ఆయనకు పొలుసుల్లా కనబడ్డాయి. తీగ గూడు మీద ఆ పెంకులను ఒక్కొక్కటిగా అతికించి లోపల దీపం పెట్టాడు. జపాన్‌లో ఆఒమోరి పట్టణపు నెబుతా ఉత్సవంలో ఊరేగించే భారీ దీపశిల్పాలకూ తీగ చట్రం, దాని మీద కాగితం, లోపల దీపాలే ఆధారం.

మళ్ళీ అల్లిక సంగతికి వస్తే, 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో గణితవేత్త డైనా టైమినా అతిపరావలయ జ్యామితిని క్రోషే అల్లికతో చూపించింది. ప్రతి కొన్ని కుట్లకు ఒకటి చొప్పున పెంచుకుంటూ పోతే అంచు తనంతట తానే కుచ్చిళ్ళు పడుతుంది. పగడాల్లో, సముద్రపు నత్తల్లో ఉండే కుచ్చిళ్ళు సరిగ్గా ఇవే. ఆస్ట్రేలియాలో పుట్టిన మార్గరెట్, క్రిస్టీన్ వర్త్‌హైమ్ అనే అక్కచెల్లెళ్ళు 2005లో లాస్ ఏంజిలస్‌లో దీని ఆధారంగా 'క్రోషే కోరల్ రీఫ్' ప్రాజెక్టు మొదలుపెట్టారు. 2019లో అది వెనిస్ బియెనాలే కళా ప్రదర్శనకు వెళ్ళింది. నూలుతో చేసే ఆ పెంపు సన్న రాగితీగ అల్లికలోనూ అలాగే పనిచేస్తుంది.

పదార్థాలు

తీగ లావును మన దేశంలో గేజిలో చెబుతారు. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 14 గేజి తీగ సుమారు 2 మిల్లీమీటర్లు, 18 గేజి 1.2, 24 గేజి 0.56 మిల్లీమీటర్లు ఉంటుంది. జానెడు చేపకు వెన్ను 14 గేజిలో, పక్కటెముకలు 18లో, కట్లు 24లో అయితే సరిపోతాయి.

అల్యూమినియం తీగ మెత్తన, తేలిక. పిల్లల చేతికి అనువైనది. రాగితీగ అందంగా వంగుతుంది, కాలం గడిచేకొద్దీ రంగు మారుతుంది. అంతే లావున్న అల్యూమినియం కంటే మూడు రెట్లకు పైగా బరువు. ఇళ్ళ కట్టుబడిలో ఇనుప చువ్వలు కట్టే బైండింగ్ వైరు చవక, మెత్తన. తుప్పు మాత్రం పడుతుంది. జింకు పూతతో వచ్చే జి.ఐ. తీగ గట్టిది, పెద్ద శిల్పాలకు మంచిది. కోళ్ళ గూళ్ళకు వాడే జాలీ తాబేలు డిప్ప, తిమింగలం ఒళ్ళు వంటి పెద్ద వంపులను త్వరగా కప్పుతుంది. ఏ లోహాన్నయినా ఒకేచోట పదేపదే వంచితే గట్టిపడి విరుగుతుంది. రాగిని ఎర్రగా కాల్చి చల్లారిస్తే మళ్ళీ మెత్తబడుతుంది.

ఒంటిని కప్పే పదార్థాలు ప్రాణిని బట్టి మారతాయి. పలుచని కాగితాన్ని నీళ్ళు కలిపిన జిగురుతో అతికిస్తే వెలుగు దూరే చర్మం వస్తుంది. కాగితపు గుజ్జు గట్టి డిప్పకు బాగుంటుంది. ఒకప్పుడు మన ఇళ్ళలో తీగ మీద స్టాకింగ్ గుడ్డ లాగి కట్టి పూలు చేసేవారు. అదే పద్ధతిలో చేప రెక్కలు చక్కగా వస్తాయి. తీగ ఉంగరాన్ని చిక్కని రెసిన్ ద్రావణంలో ముంచి తీస్తే సబ్బుబుడగ పొరలాంటిది నిలిచి, ఆరాక పారదర్శకమైన రెక్క అవుతుంది. పూసలు, గుండీలు, చెమ్కీలు పొలుసులకు, కళ్ళకు పనికొస్తాయి.

నిర్మాణ క్రమం

మొదట ప్రాణిని పక్క నుంచి, పైనుంచి, ఎదురు నుంచి అసలు పరిమాణంలో గీసుకోవాలి. తీగను ఆ గీత మీద పరచి వంచితే కొలత తప్పదు. తరువాత వెన్నుగీత, దానికి అడ్డంగా ఉంగరాలు, ఉంగరాలను కలుపుతూ నిలువు తీగలు. వినాయక విగ్రహం చేసేవారు కర్రలు కట్టి, గడ్డి చుట్టి, ఆ మీదటే మట్టి మెత్తినట్టు, ఇక్కడా లోగూడు సరిగా కుదిరితేనే పైరూపం నిలుస్తుంది.

తీగలు కలిసే ప్రతిచోటా సన్న తీగతో నాలుగైదు చుట్లు బిగించి, కొసను లోపలికి మడవాలి. జిగురు ఒక్కదాన్నే నమ్ముకుంటే కొంతకాలానికి కీలు వదులవుతుంది. వేర్వేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ ఉప్పుగాలిలో ఉంటే వాటిలో ఒకటి త్వరగా తినుకుపోతుంది. తీరప్రాంతంలో బయట పెట్టే శిల్పానికి ఒకే లోహం వాడటం, పైన వార్నిష్ పూయడం మేలు.

మొబైల్ కట్టేటప్పుడు అడుగు వరుస నుంచి పైకి రావాలి. బరువునూ దూరాన్నీ గుణిస్తే రెండు పక్కలా సమానం కావాలి. ఒక పక్క 30 గ్రాముల చేప 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, రెండో పక్క 15 గ్రాముల చేప 20 సెంటీమీటర్ల దూరంలో దాన్ని నిలబెడుతుంది.

ప్రాణుల వారీగా మెలకువలు

*చేప, డాల్ఫిన్.* చేప తోక నిలువుగా ఉండి పక్కలకు ఊగుతుంది. డాల్ఫిన్, తిమింగలం తోకలు అడ్డంగా ఉండి పైకీ కిందికీ ఆడతాయి. కొత్తవారు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. సొరచేపల్లో ఎక్కువ జాతులకు తోక పైభాగం కింది దానికన్నా పొడవు, పక్కల ఐదేసి మొప్పచీలికలు ఉంటాయి.

*జెల్లీఫిష్.* చంద్ర జెల్లీఫిష్ శరీరం నాలుగు సమభాగాలు. గొడుగుకు వాడే నిలువు తీగలు నాలుగు గుణిజాల్లో, అంటే ఎనిమిదో పన్నెండో ఉంటే లెక్క కుదురుతుంది. పోగులకు సన్న తీగను పెన్సిలు మీద చుట్టి, మెల్లగా లాగి వదలాలి. అన్నీ ఒకే పొడవున ఉంటే బొమ్మ చీపురులా కనబడుతుంది.

*ఆక్టోపస్.* నాలుగు పొడవాటి తీగలను మధ్యలో కట్టి రెండువైపులా చాపితే ఎనిమిది చేతులు వస్తాయి. మొదట్లో లావు, కొసన సన్నం రావాలంటే చాలా తీగలను కలిపి మెలిపెట్టి, ముందుకు పోయేకొద్దీ ఒక్కొక్కటిగా తుంచుకుంటూ పోవాలి. సాధారణ ఆక్టోపస్ చేతి మీద చూషకాలు రెండు వరుసలు. చిన్న గుండీలు వాటికి సరిపోతాయి. స్క్విడ్‌కైతే ఎనిమిది చేతులతో పాటు మరో రెండు పొడవాటి స్పర్శకాలు ఉంటాయి.

*సముద్రపు గుర్రం.* దీనికి పొలుసులు లేవు. ఒళ్ళంతా ఎముక ఉంగరాల కవచం. మెడ నుంచి తోక కొస దాకా చిన్నవవుతూ పోయే తీగ ఉంగరాలు ఈ కవచాన్ని సులువుగా పట్టిస్తాయి. తోక అడ్డుకోత గుండ్రం కాదు, చతురస్రం. ఉంగరాలను నాలుగు మూలలు వచ్చేలా వంచితే తోక నిజమైనదిలా ఉంటుంది.

*తాబేలు.* సముద్ర తాబేలు తలను డిప్పలోకి ముడుచుకోలేదు. ముందు రెక్కలు వెనకవాటికన్నా పెద్దవి. పచ్చ తాబేలు డిప్పకు పక్క పలకలు నాలుగు జతలే. ఆలివ్ రిడ్లీకి ఐదు మొదలు తొమ్మిది దాకా, ఎక్కువగా ఆరు, అంతకు మించి ఉంటాయి. తీగతో పలకల గీతలు వేసేవారు ఈ లెక్క చూసుకుంటే శిల్పమే జాతి పేరు చెబుతుంది.

*పీత.* గోళ్ళ జత కాక నాలుగు జతల కాళ్ళు. ప్రతి కాలుకూ కీళ్ళు స్పష్టంగా కనబడాలి. కాబట్టి ఇక్కడ వంపులు కాదు, మడతలు కావాలి.

సముద్రపు చెత్త నుంచి శిల్పం

21వ శతాబ్దంలో ఈ కళకు ముడిసరుకును సముద్రమే ఒడ్డుకు తెచ్చి పోస్తోంది. అమెరికాలోని ఒరెగాన్ తీరాన బాండన్ పట్టణంలో ఆంజెలా హాసెల్టైన్ పోజీ 2010లో 'వాష్డ్ అషోర్' సంస్థను ప్రారంభించింది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన సీసాలు, మూతలు, చెప్పులు, తాళ్ళను రంగుల వారీగా వేరుచేసి, కడిగి, ఉక్కు చట్రాల మీద తీగతో కుట్టి పెద్ద చేపలు, పక్షులు, సీళ్ళు చేస్తారు.

ఆస్ట్రేలియా ఉత్తర తీరానికి, టోరెస్ జలసంధి దీవులకు యజమాని లేని వలలు కొట్టుకొస్తాయి. వీటిని గోస్ట్ నెట్లు అంటారు. పట్టేవాడు లేకపోయినా అవి చేపలను, తాబేళ్ళను చుట్టి చంపుతూనే ఉంటాయి. అక్కడి ఎరూబ్ దీవి కళాకారులు ఆ వలలను విప్పి, తీగ చట్రాల మీద అల్లి, అవి చంపిన ప్రాణుల రూపాలనే నిలబెట్టారు. 2016లో ఇవి మొనాకో ఓషనోగ్రాఫిక్ మ్యూజియంలో ప్రదర్శితమయ్యాయి. ఈ శిల్పాల్లో ప్రాణిని చంపిన వస్తువే ప్రాణికి రూపమిస్తుంది. అందువల్ల చూసేవారికి వేరే వివరణ అక్కర్లేదు.

తెలుగు నేలతో సంబంధం

తీగపనిలో తెలుగువారికి సొంత సంప్రదాయం ఉంది. కరీంనగర్ వెండి ఫిలిగ్రీలో వెంట్రుకంత సన్నని వెండితీగలను మెలిపెట్టి చట్రంలో అమర్చి అతుకుతారు. దీనికి 2007లో భౌగోళిక గుర్తింపు లభించింది. ముందు లావు తీగతో అంచు, తరువాత సన్న తీగతో లోపలి నింపుడు అనే ఫిలిగ్రీ వరుసా, కాల్డర్ చేపల వరుసా ఒక్కటే. కొండపల్లి దశావతారాల బొమ్మల్లో మత్స్యం, కూర్మం మన బొమ్మల కొలువు మెట్ల మీదికి ఎప్పుడో వచ్చాయి. తెనాలి శిల్పులు ఇనుప తుక్కుతో చేసే విగ్రహాలు పారేసిన లోహానికి విలువ తెచ్చాయి. ఆంధ్ర తీరాన ఏటా చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఇసుకకు చేరతాయి. వలల్లో చిక్కి చనిపోయినవీ ఆ ఒడ్డుకే కొట్టుకొస్తాయి. తీగ పట్టే చేయి, వల అల్లే చేయి, చెప్పవలసిన కథ మూడూ తెలుగు నేల మీదే ఉన్నాయి.

జాగ్రత్తలు

తీగ తుంచేటప్పుడు కొస ఎగిరి కంట్లో పడవచ్చు. కళ్ళద్దాలు పెట్టుకోవాలి, తుంచే కొసను రెండో చేత్తో పట్టుకోవాలి. జి.ఐ. తీగను కాల్చకూడదు. జింకు పొగ జ్వరం తెప్పిస్తుంది. రెసిన్ పనికి చేతి తొడుగులు, గాలి ఆడే గది తప్పనిసరి. ఒడ్డున ఏరిన వల ముక్కలను మంచినీటిలో నానబెట్టి ఉప్పు పోయేలా కడగాలి.

పదార్థాల ఎంపికలో చట్టం కూడా ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్ళలో 2001లో సముద్రపు గుర్రాలను, దిబ్బలు కట్టే పగడాలను, కొన్ని జాతుల శంఖాలను, ఆల్చిప్పలను చేర్చారు. ఎండబెట్టిన సముద్రపు గుర్రాన్ని గాని, పగడపు కొమ్మను గాని అలంకరణకు కొనడం నేరం. తీగతో చేసిన సముద్రపు గుర్రం ఉండగా ప్రాణం తీసిన దానితో పనిలేదు. నాలుగు మూలల ఉంగరాలు ముప్పై వంచితే చాలు, ఒక పూటలో అది మీ కిటికీ దగ్గర వేలాడుతుంది. నీటిలోనిది నీటిలోనే ఉంటుంది.